బండ్లు లేని దారిలో రెండు సీట్ల సైకిల్

ఆ సైకిల్ అట్టపెట్టెలో ఇంటికి వచ్చిన రోజు రామాంజులు దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. సైకిల్ ఒకటే, సీట్లు రెండు. హ్యాండిళ్ళు రెండు. పెడళ్ళు రెండు జతలు. చక్రాలు మాత్రం లోకంలో ఉన్నట్టే రెండు. వెనక సీటు ముందున్న హ్యాండిల్‌ను పట్టుకొని తిప్పి చూశాడు. అది తిరగలేదు, బిగించేసి ఉంది. తిరగని హ్యాండిల్ ఎందుకు పెట్టినట్టు? పెట్టినవాడికి ఎంత తీరిక! ఆ సంగతేదో తేలేదాకా అతనికి అన్నం సయించలేదు. రామాంజులు తత్వమే అంత. కొత్త వస్తువు కంటబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి, లేకపోతే కడుపుబ్బరం.

అతనిది రాయచోటి దగ్గర పల్లె. తాతల నుంచీ గొర్రెలు కాసిన ఇల్లు. దోహాలో ఇంటి డ్రైవరుగా చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చేస్తున్నది ఒక ఇంగ్లీషు దంపతుల దగ్గర. కాలిన్ సారు వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియంలో పెద్ద ఇంజనీరు. ఇంట్లో ఉన్నా ఆయన చెవిలో ఫోనే ఉంటుంది. రూత్ మేడమ్ పూర్వం బడిలో పాఠాలు చెప్పిన మనిషి. కొన్నాళ్ళుగా ఆమె చూపు తగ్గిపోతోంది. నట్టనడుమ చూపు పోయింది, అంచుల్లో కాస్త మిగిలింది. ఎదురుగా నిలబడినవాడి ముఖం కనిపించదు గానీ పక్కనున్న గోడ కనిపిస్తుంది.

"ఎవురికి మేడమ్ ఈ సైకిలు?" అని అడిగాడు.

రామాంజులు ఇంగ్లీషు గురించి ఒక్క మాట చెప్పాలి. అందులో సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలిన సగం చేతులు. అయినా ఆ ఇంట్లో అందరికీ అర్థమయ్యేది. మనకెందుకా తంటా, తెలుగులోనే చెప్పుకుందాం.

"నాకే" అంది మేడమ్. "నేను వెనక కూర్చుంటాను. ముందు నువ్వు."

రామాంజులు నోరు వెళ్ళబెట్టాడు. "కారుండాది కదా మేడమ్! యాడికి పోవల్లో చెప్పండి, తీస్కపోతా."

"ఎక్కడికీ పోనక్కర్లేదు. తొక్కాలి, అంతే."

తర్వాత నెమ్మదిగా తెలిసింది. మేడమ్ చిన్నప్పటి నుంచీ వాళ్ళ దేశంలో సైకిల్ తొక్కిన మనిషి. పెద్ద రోడ్ల మీద కాదు, పల్లెల మధ్య బండ్లు తిరగని సందుదారుల్లో. ఇక ఒంటరిగా తొక్కడం కుదరదు. జూన్‌లో ఊరికి వెళ్ళాక, చెల్లెలు ముందు కూర్చుంటే తను వెనక కూర్చొని ఆ దారంతా మళ్ళీ ఒకసారి తిరగాలని ఆమె కోరిక. చూపు పూర్తిగా పోకముందే తిరగాలి. కానీ వెనక కూర్చోవడం కూడా ఒక విద్యే. ఎదురుగా ఏముందో తెలియకుండా, బ్రేకు చేతిలో లేకుండా, ముందున్న మనిషిని నమ్ముకొని తొక్కాలి. అది ఈ చలికాలంలో ఇక్కడే నేర్చుకోవాలి. సారుకు నడుంనొప్పి, పైగా స్టేడియం గోల. అందుకని రామాంజులు.

సారుకు ఇది బొత్తిగా ఇష్టం లేదు. గట్టిగా పడితే మిగిలిన చూపు కూడా పోవచ్చని డాక్టరు చెప్పాడట. అందుకే ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. "రామాంజులూ, ఆవిడ ఒక్కసారి పడిందా, సైకిల్ అమ్మేస్తాను. జూన్ లేదు, ఏమీ లేదు. అర్థమైందా?"

"అట్లే సార్" అన్నాడు రామాంజులు.

అల్ ఖోర్ వెళ్ళే పెద్ద రోడ్డు పక్కనే సైకిళ్ళ కోసం కొత్తగా ఒక రోడ్డు వేశారు. సాఫీగా, నల్లగా, చాపలా పరిచినట్టు ఉంటుంది. అందులోకి కారు రాదు, లారీ రాదు, మోటార్ సైకిల్ కూడా రాదు. శుక్రవారం పొద్దున్నే రామాంజులు సైకిల్‌ను కారు మీద కట్టి మేడమ్‌ను అక్కడికి తీసుకుపోయేవాడు.

మొదటి రోజు అతని అవస్థ చూడాలి! బతుకంతా స్టీరింగు పట్టిన చెయ్యి హారన్ కోసం వెతికింది. మాటిమాటికీ తల తిప్పి వెనక్కి చూశాడు.

"వెనక ఎవరూ రారు. ముందుకు చూడు" అంది మేడమ్.

"ఎవురూ రారని తెల్సు మేడమ్. కానీ రాకుండా ఎట్లుంటారు?"

అతనికి నిజంగానే మింగుడుపడలేదు. రోడ్డంటే బండ్లు పోవడానికి. బండ్లు రాకూడదని రోడ్డు వేయడమేమిటి? ఇంకో చిత్రం, పెడళ్ళ సంగతి. ముందువీ వెనకవీ ఒకే గొలుసుకు కలిసి ఉన్నాయి. ఒకరు తొక్కితే రెండోవాళ్ళ కాళ్ళు కూడా తిరగాల్సిందే. ఇతను ఆపితే ఆమె ఆగాలి, ఆమె బలంగా తొక్కితే ఇతని కాళ్ళు పరుగెత్తాలి. కాసేపటికి ఇద్దరికీ లయ కుదిరింది. తిరగని హ్యాండిల్ సంగతి కూడా ఆ రోజే తేలింది. పాపం, వెనకవాళ్ళకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

"ఏం కనిపిస్తోందో చెబుతూ ఉండు" అంది మేడమ్.

"ఏమీ లేదు మేడమ్. ఇసుక."

"ఏమీ లేకపోవడం అంటూ ఉండదు. సరిగ్గా చూడు."

సరిగ్గా చూశాడు. చూస్తే నిజంగానే ఉన్నాయి. కంచెకు తగులుకొని కొట్టుకుంటున్న ప్లాస్టిక్ సంచి. తలమీద కుచ్చుతో ఒక చిన్న పిట్ట, రోడ్డు మీద పరుగులు. దూరంగా రాస్ లఫాన్ గ్యాస్ ఫ్యాక్టరీల వైపు పోతున్న డ్యూటీ బస్సులు, వాటి కిటికీలకు ఆనుకొని నిద్రపోతున్న తలలు. చెప్పడం మొదలుపెట్టాక రామాంజులు నోటికి మూత లేకుండా పోయింది. మలుపుకు ముందే "కుడి" అనేవాడు, చిన్న ఎత్తు వస్తే "గట్టిగా మేడమ్" అనేవాడు.

అతను ఇక్కడి దారి చెబితే, ఆమె అక్కడి దారి చెప్పేది. వాళ్ళ ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి, శుక్రవారానికి కాస్త చొప్పున, తొక్కుతున్నట్టే వరసగా చెప్పేది. దారికి రెండు పక్కలా మనిషెత్తున ముళ్ళపొదల కంచె. మే నెలలో దాని నిండా తెల్లపూలు. రోడ్డు ఎంత సన్నమంటే, ఎప్పుడైనా ఒక ట్రాక్టరు ఎదురైతే సైకిల్‌ను పొదలోకి వాల్చాల్సిందే. ఆ తర్వాత పాత రైలుదారి. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేసి, ఆ కట్ట మీదే సైకిళ్ళ దారి చేశారు. స్టేషను మాత్రం ఉంది, అందులో ఇప్పుడు ఎవరో కాపురం ఉంటున్నారు. అది దాటితే కాలువ గట్టు. పూర్వం ఆ గట్టు మీద గుర్రాలు నడుస్తూ నీళ్ళలో పడవల్ని లాగేవట.

"తర్వాత ఒక గేటు వస్తుంది" అంది ఒక రోజు. "దిగి, తీసి, దాటాక మళ్ళీ మూసెయ్యాలి. లేకపోతే గొర్రెలు బయటికి వచ్చేస్తాయి."

గొర్రెలు అనేసరికి రామాంజులు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కాపరి యాడుంటాడు మేడమ్?"

"కాపరి ఉండడు."

"ఉండడా? మరి కుక్కలొస్తే? దొంగలొస్తే? ఎండకు యాడికి తోలతారు?"

"మా దగ్గర ఎండ ఉండదులే" అని నవ్వింది. "వాటి మానాన అవి మేస్తుంటాయి. గేటు మూస్తే చాలు."

రామాంజులుకు ఒళ్ళు జలదరించింది. కాపరి లేని మందా! దారినపోయే ప్రతివాడూ గేటు మూసిపోతాడన్న నమ్మకం మీద ఒక మంద బతుకుతుందా? అతని తండ్రి మందతో పాటు చేన్లలోనే పడుకునేవాడు, ముసురులో కూడా. ఆ గొర్రెలు ఎంత ఉంటాయి, బొచ్చు ఎప్పుడు కత్తిరిస్తారు, ఈతకు ఎన్ని పిల్లలు, మూతి నలుపా తెలుపా అని ఆ శుక్రవారమంతా ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆమెకూ అదే కావాలేమో. తెలిసినంత చెప్పింది, తెలియనిది చెల్లెలికి ఫోన్ చేసి అడిగి చెప్పింది.

"ఇంతకీ ఈ దారి ఏ ఊరికి పోతాది మేడమ్?"

"ఏ ఊరికీ పోదు. చుట్టూ తిరిగి మళ్ళీ మా గేటు దగ్గరికే వస్తుంది."

ఆ సాయంత్రం అల్ దోహా అల్ జదీదా పేటలో చాయ్ దుకాణం ముందు ఈ మాట నర్సింలుతో చెప్పాడు. నర్సింలుది సిరిసిల్ల పక్క. ఒకప్పుడు ఒకే గదిలో ఉన్నారు, అప్పటి నుంచీ శుక్రవారం సాయంత్రం కలుస్తారు. రోడ్లు వేసే కంపెనీలో పని. ఆ సైకిల్ రోడ్డుకు అంచు రాళ్ళు పేర్చినవాళ్ళలో తనూ ఒకడు.

"ఏందీ? గంత దూరం తొక్కి మల్ల గాడికే అచ్చుడా?" అన్నాడు నర్సింలు. "గట్లయితే పోవుడెందుకే? ఇంట్లనే కూసుంటే అయిపాయె!"

"నేనూ అదే అడిగితినప్పా. దారి చూసేదానికి, అనింది."

"రాళ్ళు పెడుతున్నప్పుడు మేమేమనుకున్నమో ఎరికెనా? ఒంటెల కోసమనుకున్నం. షహానియాల ఒంటెలకు పందెం రోడ్డు ఉన్నది గద, గసొంటిదే ఇంకోటనుకున్నం. సైకిలుకు గింత రోడ్డేస్తరని ఎవడనుకున్నడు?" నర్సింలు చాయ్ కప్పు కింద పెట్టాడు. "పైలం అన్నా. దొరసాని పడ్డదంటే నీ పని ఖలాస్."

"నా చేతిలో యాడ పడతాది?" అన్నాడు రామాంజులు మీసం మీద చెయ్యేసి. అంత మాట అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. గాలి చల్లగా ఉంది. మేడమ్ మాటల్లో దారి కాలువ దాటి, గొర్రెల గేటు దాటి, ఒక వాగు దగ్గరికి వచ్చింది. ఆ వాగు మీద వంతెన లేదు, నీళ్ళు రోడ్డు మీద నుంచే పోతాయి. కాళ్ళు పైకెత్తుకొని వేగంగా దాటాలి. దాటాక ఏముందో ఆమె ఇంకా చెప్పలేదు. రామాంజులు ఆ నీళ్ళెంత లోతో ఊహించుకుంటూ మలుపు తిప్పాడు.

మలుపు అవతల, రోడ్డు అంచున, మడత కుర్చీలో తెల్లటి అంగీ వేసుకొని అబూ జాసిం కూర్చొని ఉన్నాడు. సారు వాళ్ళు ఉంటున్న ఇంటికి ఆయనే యజమాని. పెద్ద వయసు, పెద్ద గడ్డం, పెద్ద మనిషి. మనవడు సైకిల్ పందేలకు తయారవుతున్నాడు, వాడిని చూడ్డానికి వచ్చి ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుంటున్నాడు. రామాంజులు ఆయన్ని చూశాడు. ఆయన రామాంజులును చూశాడు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. రామాంజులు ఊళ్ళో రెడ్డిగారి వాకిలి ముందు అతని తాత ఎన్నడూ సైకిల్ మీద పోలేదు. దిగి, చెప్పులు చేత్తో పట్టుకొని, నడిపించుకుంటూ పోయి, వీధి మలుపు తిరిగాక ఎక్కేవాడు. తండ్రి చెప్పులు విప్పడం మానేశాడు గానీ దిగడం మానలేదు. రామాంజులు కాలానికి అడిగేవాడు లేడు. అయినా పంతులు ఎదురైనా, ఊరి పెద్ద ఎదురైనా, శవం ఎదురైనా దిగాల్సిందే. దిగకపోతే తండ్రి నెత్తిన మొట్టేవాడు. "పెద్దోళ్ళ ముందర సీటు మింద కూర్చుంటావా, కొమ్ములొచ్చినాయా?" అనేవాడు. అలా సైకిల్ ఎక్కడంతో పాటే దిగడం కూడా కాళ్ళకు వచ్చేసింది. కారులో దిగనక్కర్లేదు కాబట్టి ఇన్నేళ్ళూ ఆ సంగతి కాళ్ళు మర్చిపోయినట్టు నటించాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా!

పెద్దమనిషిని చూసిన మరుక్షణం రామాంజులు బ్రేకు వేశాడు. కుడికాలు లేపి, ఊళ్ళో ఎప్పుడూ దిగినట్టే, సీటు మీదుగా వెనక్కి తిప్పాడు.

వెనక ఖాళీ లేదు. వెనక మేడమ్ ఉంది.

మడమ వెళ్ళి ఆమె భుజానికి తగిలింది. ఆమె ఇంకా తొక్కుతూనే ఉంది. సైకిల్ ఒక పక్కకు విరిగినట్టు వాలి, ఆమె దాని మీద, అతను ఆమె పక్కన, నేల మీద పడ్డారు. రామాంజులు పైప్రాణాలు పైనే పోయాయి. "మేడమ్! మేడమ్!" అని అరుస్తున్నాడు గానీ చెయ్యి వేసి లేపాలన్నా భయమేసింది. ముందుగా లేచి వచ్చింది అబూ జాసిమే. తన తలగుడ్డ మడిచి ఆమె తల కింద పెట్టి, కారు దగ్గరున్న కొడుకును కేకేసి, వాళ్ళ కారులో ఆసుపత్రికి పంపాడు.

దేవుడి దయ, కళ్ళకేమీ కాలేదు. భుజం మాత్రం కమిలి నల్లబడింది. డాక్టరు కళ్ళు పరీక్షించి బాగానే ఉన్నాయని చెప్పేదాకా రామాంజులు వరండాలో గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. సారు వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వచ్చే వారం శనివారం ఒకతను వచ్చి సైకిల్ తీసుకుపోతాడు" అన్నాడు. అంతే.

మర్నాడు మేడమ్‌ను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే, కారులో ఆమె అడిగింది. "ఏం అడ్డొచ్చింది? ఒంటెనా? పిల్లవాడా? నాకు తెలిసినంతలో దారి ఖాళీగానే ఉంది."

ఒంటె అంటే సరిపోయేది. ఖతర్‌లో ఒంటె అడ్డొచ్చిందంటే ఎవరు కాదంటారు? కానీ ఆమె గొంతులో కోపం లేదు. గొర్రెల గురించి తను అడిగినప్పుడు తన గొంతులో ఏముండేదో అదే ఉంది. నిజంగా తెలుసుకోవాలని ఉంది ఆమెకు. దాంతో రామాంజులు మొత్తం చెప్పేశాడు. తాత, చెప్పులు, రెడ్డిగారి వాకిలి, మొట్టికాయలు, అన్నీ.

మేడమ్ మొదట నవ్వింది. భుజం నొప్పి పుట్టేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"అంటే ఆయన కోసం దిగావు."

"అవును మేడమ్. దిగల్లనుకోలేదు, కాళ్ళే దిగినాయి."

"నీ వెనక నేనున్నానని మర్చిపోయావు" అంది. "నా చేతిలో బ్రేకు లేదు రామాంజులూ. ఎదురుగా ఏముందో నాకు కనిపించదు. నువ్వు ముందున్నావన్న ధైర్యంతోనే తొక్కుతున్నాను. ఒక్క పెద్దమనిషి కనిపించగానే నన్ను వదిలేశావు. నాకు దెబ్బ కన్నా అదే బాధగా ఉంది."

రామాంజులుకు కళ్ళు నిండిపోయి రోడ్డు మసకేసింది. కారు పక్కకు తీసి ఆపి, ముఖం తుడుచుకున్నాడు. మర్యాద చేశాననుకున్నాడు. చేసింది ద్రోహం. సైకిల్ అమ్ముడుపోతే ఆమెకు జూన్ లేదు. చెల్లెలి వెనక కూర్చొని ఆ పొదల మధ్య తిరగడం లేదు. వచ్చే ఏడాదికి అంచుల్లోని ఆ కాస్త చూపు ఉంటుందో ఉండదో.

"ఇంకొక్క తూరి ఇస్తారా మేడమ్?" అన్నాడు.

ఆమె సారుతో ఏం మాట్లాడిందో, ఎంతసేపు పోట్లాడిందో మనకు తెలియదు. శనివారానికి ముందు శుక్రవారం ఉంది కదా, ఆ ఒక్క శుక్రవారం సారు ఒప్పుకున్నాడు. ఈసారి తనే వచ్చి మలుపు దగ్గర నిలబడతాడట. అదీగాక అబూ జాసింకు కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్ళి, డ్రైవరు ఎందుకు పడ్డాడో కూడా ఆయనకు చెప్పేశాడట. ముసలాయన మండిపడ్డాడు.

"నా కోసం దిగాడా? నా కోసం ఒక ఆడమనిషిని పడేశాడా?" అన్నాడట. "మా నాయన ముత్యాల కోసం సముద్రంలో మునిగిన మనిషి, ఆయన ముందు ఎవడు దిగాడు? శుక్రవారం అక్కడే కూర్చుంటాను. దిగాడో, కర్రతో కొడతానని చెప్పు."

ఇక చూడండి రామాంజులు పాట్లు! అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. దిగితే పెద్దమనిషి మాట కాదన్నట్టు. దిగకపోతే పెద్దమనిషి ముందు సీటు మీద కూర్చున్నట్టు. పక్కనే జీతమిచ్చే సారు కూడా నిలబడి ఉంటాడు. ఒక పెద్దమనిషికే ఆగని కాళ్ళు ఇద్దరికి ఆగుతాయా?

నర్సింలు ఉపాయం చెప్పాడు. "తువ్వాలతోని కాళ్ళను పెడలుకు కట్టేస్కో. ఎట్ల దిగుతవో నేను జూస్త!"

రామాంజులు నిజంగానే తువ్వాల తీసుకుపోయాడు. మేడమ్ చేత్తో తడిమి చూసి, లాక్కొని కారులో పడేసింది.

"కట్టేస్తే దిగకపోవడం గొప్పా?" అంది. "ఒకటే నియమం. ఆగినప్పుడు కూడా ముందు నేను దిగాలి. నా రెండు కాళ్ళూ నేల మీద ఆనేదాకా నువ్వు సీటు మీదే ఉండి బ్రేకు పట్టుకోవాలి. మా దగ్గర అలాగే చేస్తారు. చేస్తావా?"

ఇన్నాళ్ళూ ఆగగానే తనే ముందుగా దిగి, కారు తలుపు తీసి పట్టుకున్నట్టు సైకిల్ పట్టుకొనేవాడు. అది కూడా వద్దంటోంది. "అట్లే మేడమ్" అన్నాడు.

బయల్దేరారు. రామాంజులు పిట్టల గురించి చెప్పలేదు, బస్సుల గురించి చెప్పలేదు. మలుపు తిరగగానే కుర్చీ కనిపించింది. కుర్చీలో తెల్లటి అంగీ, మోకాళ్ళ మధ్య కర్ర. పక్కన చేతులు కట్టుకొని కాలిన్ సారు.

"ఏం కనిపిస్తోంది?" అంది వెనక నుంచి మేడమ్.

"ఏమీ లేదు మేడమ్."

"ఏమీ లేకపోవడం ఉండదని చెప్పానా?"

"పెద్దాయన. కుర్చీలో కూర్చోని ఉండాడు. పక్కన సారు నిలబడి ఉండాడు. ఇద్దరూ నన్నే చూస్తాండారు మేడమ్."

"ఇంకా?"

"నా కాలు లేస్తాండాది మేడమ్!"

నిజంగానే లేస్తోంది. కుడి మడమ పెడల్ నుంచి తేలింది. అదే క్షణంలో కింది పెడల్ గిర్రున పైకి వచ్చి అరికాలికి తగిలింది. వెనక మేడమ్ కాళ్ళు ఆగలేదు. ఆగకపోగా, కమిలిన భుజంతోనే ముందుకు వంగి, బలంకొద్దీ తొక్కుతోంది. గొలుసు ఒకటే కదా, రామాంజులు కాళ్ళు తిరగక తప్పలేదు. ఒక చుట్టు ఆమె తొక్కింది. ఇంకో చుట్టు ఆమే తొక్కింది. మూడో చుట్టులో అతను కూడా తొక్కాడు.

"యల్లా! యల్లా!" పోనీ పోనీ అంటూ అబూ జాసిం కర్ర నేలకేసి కొట్టాడు. పెద్దాయనా సారూ ఇద్దరూ పక్క నుంచి వెనక్కి పోయారు.

తర్వాత రామాంజులుకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. "దాటినాం మేడమ్" అన్నాడు. "దాటినాం, ఇంకా సీటు మిందే ఉండా."

"తెలుసు" అంది మేడమ్ రొప్పుతూ. "బరువు తెలుస్తోంది."

కొంతదూరం పోయి, సైకిల్ తిప్పుకొని, మళ్ళీ ఆ మలుపు దగ్గరికే వచ్చి ఆగారు. రామాంజులు ఒక కాలు నేలకు ఆనించి, రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాడు. అబూ జాసిం కుర్చీలోంచి లేచి కర్ర పట్టుకొని దగ్గరికి వచ్చాడు, కొట్టాలో అక్కర్లేదో తేల్చుకోవడానికి వచ్చినట్టు. సారు కూడా వచ్చాడు. వెనక మేడమ్ దిగడానికి తంటాలు పడుతోంది. భుజం పట్టేసింది, కాలు ఎత్తితే నొప్పి. నెమ్మదిగా, తొందర లేకుండా కదులుతోంది.

సారు భార్యను చూశాడు. ఆమె ముఖం చలికాలంలో కూడా చెమటతో మెరుస్తోంది, ఎర్రగా ఉంది. చాలా రోజులుగా ఆ ముఖం అలా లేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"రేపు వచ్చేవాడికి ఏం చెప్పమంటావు రూత్?"

"నన్నెందుకు అడుగుతావు? ముందు సీటు వాణ్ణి అడుగు."

సారు రామాంజులు వైపు తిరిగాడు. రామాంజులు రెప్ప వేయకుండా చెప్పాడు. "రావొద్దని చెప్పండి సార్. సైకిలు అమ్మం."

మాట బయటికి వచ్చాక గానీ అతనికి తెలియలేదు. జీతమిచ్చే సారు నేల మీద నిలబడి ఉన్నాడు, గడ్డం పెద్దాయన కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు, తను సీటు మీద కూర్చొని మాట్లాడుతున్నాడు. అరికాళ్ళు దిగమని జివ్వుమన్నాయి. వెనక మేడమ్ కాలు ఇంకా నేల కోసం వెతుక్కుంటూనే ఉంది. ఆమె దిగేదాకా రామాంజులు బ్రేకులు పట్టుకొని అలాగే కూర్చున్నాడు.